గట్టిపడక ముందు

ఇరవై నిమిషాలు.
రెసిన్‌లో హార్డెనర్ కలిపాక అంతే టైము.
ఈలోగా మగ్గు వంచాలి, రేకుతో లాగాలి,
పలకకి ఎక్కడ నెర్రె ఉంటే అక్కడ తాపాలి.
ఆలస్యమైతే మగ్గు బల్లకి అతుక్కుంటుంది.
మేస్త్రీ దాని ఖరీదు శనివారం కూలీలో కోస్తాడు.

చీమకుర్తిలో ఈ పని నాకు పదకొండో ఏడు.
నల్లరాయి, లోపల బంగారు పొడలు.
కొనేవాళ్ళు నక్షత్రాలంటారు.
తడి పలక మీద నాకు మాత్రం
ఇనప బాండీలో వేగే నువ్వులే.

ఇంటర్‌లో ప్రమీలారాణి మేడం
నానబెట్టిన బఠాణీలు, అగ్గిపుల్లలు తెచ్చి
బల్ల మీద వజ్రాన్ని కట్టింది.
ఒక కర్బనం, దాన్ని పట్టుకుని నాలుగు,
ఆ నాలుగింటిలో ఒక్కోదాన్నీ పట్టుకుని మళ్ళీ...
"ఎక్కడ ఆగుతుంది మేడం?"
"పుల్లలు అయిపోయినచోట."
నవ్వాం. తర్వాత ఆమే అంది:
వజ్రానికి పుల్లలు అయిపోవు, రాయి అంచు దాకా అదంతా ఒకటే అణువు.
మూడు చేతులతో సరిపెట్టుకుని నాలుగోది గాలికొదిలేస్తే
అదే కర్బనం పెన్సిల్ ముల్లవుతుంది,
పొరలు పొరలుగా జారి కాగితానికి అంటుతుంది.

మాల్యాద్రి క్వారీలో వైర్‌సా నడుపుతాడు.
(మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదంట. నేను పిలుస్తా.)
ఉక్కు తాడు, తాడుకి పూసలు, పూసల నిండా వజ్రపు నలుసు,
పూసకీ పూసకీ నడుమ రబ్బరు.
"కోసేది వజ్రమే, కాసేది రబ్బరు"
అని కొత్తగా వచ్చిన ఒడియా పిల్లోడికి చెప్తుంటాడు,
వాడికి రెండు మాటలూ ఒకేలా వినబడతాయి.

మొన్న వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం,
రబ్బరు ఎప్పుడు అరిగిందో ఎవరూ చూళ్ళేదు.
తాడు తెగింది.
పూస ఒకటి తూటాలా వచ్చి భుజంలో దిగింది.

ఒంగోలులో నల్లటి నైలాన్ దారంతో తొమ్మిది కుట్లేశారు.
"మా బావ కొత్తపట్నంలో వలలు బాగుచేసే దారం ఇదేగా
డాక్టరుగారూ?" అన్నాడు, మత్తులోనే.
బయట ఎండలో ప్లాస్టిక్ కుర్చీ
కాలు వంగి నన్ను రొంత పక్కకి ఒరిగేసింది.
దాని గొలుసులు పక్కపక్కన పడుకుంటాయిగానీ చేయి కలపవు,
వేడి తగిలితే ఎవరి దారి వాళ్ళదే.
గట్టిపడ్డ రెసిన్ అట్టా కాదు.
కాల్చు, మాడుతుంది.
కరగదు.

రాయి చూట్టానికొచ్చిన జియాలజీ పిల్ల ఒకసారి చెప్పింది,
ఆ బంగారు పొడల్లోనూ గొలుసులే ఉన్నాయంట:
సిలికాను, ఆక్సిజను, సిలికాను, ఆక్సిజను...
అయితే ఇన్నేళ్ళూ నేను
గొలుసు పగిలినచోట గొలుసే పోస్తున్నానన్నమాట.

నిన్న ఆఫీసు గుమాస్తా ఇంటికొచ్చాడు.
కాగితం, పాతికవేల కవరు, మూత తీసిన పెన్ను.
"ఇప్పుడే సంతకం పెడితే మంచిది" అన్నాడు.
మాల్యాద్రి కుడిచెయ్యి ఇంకా లేవదు.
ఎడమచేత్తో మంచినీళ్ళిచ్చి
రేపు చెప్తాం అన్నాడు.

ఈరోజు షిఫ్టు దిగేముందు
అడుగున మిగిలిన రెసిన్ స్టీలు గ్లాసులోకి వంచి
కొంగు ముడి విప్పి పూసని అందులో వేశాను.
ఎందుకంటే చెప్పలేను.
పూసకి నీళ్ళలో ఆనిన నెత్తురు మరక ఇంకా ఉంది.
చెంచురత్నం చూసింది. ఏమీ అనలేదు.
మూతిగుడ్డ కిందికి లాక్కుని
"రాత్రికి మీ ఇంటికి నలుగురం వస్తాం" అంది.
"తలా ఇంకో నలుగురితో."

గ్లాసు చేతిలో వేడెక్కుతోంది.
చేతులు కలిసేటప్పుడు వేడి పుడుతుందని
మేడం చెప్పలేదో, నేను రాసుకోలేదో.
గోడ గడియారంలో ఇంకా ఆరు నిమిషాలుంది.